వయసు మీరిన విద్యార్థి

ఆంధ్రప్రదేశ్ కళాశాలల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు 1980వ దశకం చివర ఆగిపోయాయి. వాటిని పునరుద్ధరించాలని మనం కోరుతున్నాం. సరే, ఏ నిబంధనలతో? లింగ్డో కమిటీ సిఫార్సులతోనే అంటారు మన మిత్రులు కొందరు. 2006 సెప్టెంబరులో సుప్రీంకోర్టు వాటిని అమలుపరచమన్నది గనుక ఇక చర్చ అనవసరమట. నేనొప్పుకోను.

అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు మించరాదన్నారు. మంచిదే. మరి వయసు? డిగ్రీ విద్యార్థి 22 ఏళ్లు దాటితే పోటీకి అనర్హుడు. అరకు, పాడేరు కొండల్లో బడికి ఆలస్యంగా చేరినవాడు, పోడు పనికో కాఫీ పండ్ల కోతకో చదువు మాని మళ్లీ వచ్చినవాడు ఆ వయసుకింకా డిగ్రీలోనే ఉంటాడు. 21 నిండితే అతడు తన ఊరికి సర్పంచి కావచ్చు. 25 నిండితే, షెడ్యూల్డు తెగలకు రిజర్వయిన అరకు స్థానం నుంచి లోక్‌సభకు నిలబడవచ్చు. కళాశాల సంఘానికి మాత్రం పనికిరాడు! ఇదేం లెక్క?

ఏళ్ల తరబడి పేరుకు విద్యార్థులుగా ఉండిపోయే నాయకులను ఆపటానికే ఈ హద్దు అంటారు. సంఘ పదవికి ఒక్కసారే పోటీ చేయాలన్న నియమం అదే నివేదికలో ఉన్నది గదా! అది చాలదా?

హాజరు 75 శాతం ఉండాలన్నదీ, తప్పిన సబ్జెక్టు ఉండరాదన్నదీ ఇలాంటివే. ఇంట్లో కువి మాట్లాడి, తరగతిలో ఇంగ్లీషు పాఠం వినేవాడు ఒక సబ్జెక్టు తప్పటం వింతా? హాస్టల్లో అన్నం సంగతి, ఆగిన స్కాలర్‌షిప్పు సంగతి నిలదీయవలసినవాడు వాడే. మన మహజరులో ఎన్నికలతో పాటు ఈ మూడు నిబంధనల సవరణను కూడా అడగాలి.