అలుగు అటు, మురుగు ఇటు

ఫార్మా సిటీ అంటారు, క్లస్టర్ అంటారు, పారిశ్రామిక కారిడార్ అంటారు. పేరు ఏదైనా మన ఊరికి ముందుగా వచ్చేది భూసేకరణ నోటీసే. ఎందుకు ఇవ్వాలని అడిగితే అధికారుల దగ్గర ఒక సిద్ధాంతం తయారుగా ఉంటుంది. ఒకే రకం కంపెనీలన్నిటినీ ఒకచోట చేరిస్తే ఒకరి పరిజ్ఞానం మరొకరికి అందుతుందట. దాంతో ప్రాంతమంతా ఎదుగుతుందట. ఆ ఫలం చివరికి మన గడపకూ చేరుతుందట. ఇందులో సగం నిజం ఉంది. ఆ సగాన్ని చూపించి మిగతా సగాన్ని దాస్తున్నారు.

ముందు నిజమైన సగం చూద్దాం. చెరువు నిండితే అలుగు పారినట్టు, ఒక పరిశ్రమలో పోగైన పరిజ్ఞానం గోడలు దాటి మరో పరిశ్రమలోకి పారుతుంది. హైదరాబాదే దీనికి సాక్ష్యం. కేంద్ర ప్రభుత్వం 1961లో ఐడీపీఎల్‌ను స్థాపించింది. సోవియట్ సాయంతో బాలానగర్‌లో దాని మందుల కర్మాగారం వెలిసింది. ఇప్పుడు ఐఐసీటీగా పిలుస్తున్న ప్రాంతీయ పరిశోధనాశాల, ఉస్మానియా విశ్వవిద్యాలయం అప్పటికే ఇక్కడ ఉన్నాయి. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు కాక, దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంట్ ఇచ్చింది. దాంతో మరో పద్ధతి కనిపెట్టగలిగిన మన రసాయన శాస్త్రవేత్తలకు దారి దొరికింది. తాడేపల్లి పసుపు రైతు కొడుకు అంజిరెడ్డి ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేసి బయటికి వచ్చారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ స్థాపించారు. ఐడీపీఎల్‌లో పని నేర్చుకుని బయటికొచ్చి కంపెనీలు పెట్టినవారు, వాటిని నడిపినవారు ఇంకా ఎందరో.

బాలానగర్ కర్మాగారానికీ భూమి కావాల్సి వచ్చింది, కాదనం. కానీ దాని చుట్టూ పరిశ్రమను పెంచింది ఆ భూమి కాదు. ప్రజల సొమ్ముతో నడిచిన ప్రయోగశాల, ప్రజల సొమ్ముతో చదువుకున్న మనుషులు, ప్రజల పక్షాన నిలిచిన ఒక చట్టం. అలాంటి ఐడీపీఎల్‌ను ఏం చేశారు? 1992 నాటికి అది ఖాయిలా పరిశ్రమల జాబితాకెక్కింది. 2005లో పేటెంట్ల చట్టాన్నీ మార్చేశారు. ఊట తెచ్చిన బావిని పూడ్చినవాళ్లే ఇప్పుడు ఎకరాలు ఇవ్వండి, నీళ్లు పడతాయని మనకు చెబుతున్నారు.

ఇక దాచిన సగం. ఒకే రకం కంపెనీలను గుంపుగా పెడితేనే ఎదుగుదల అనేది ఆర్థికవేత్తలంతా ఒప్పుకున్న మాట కాదు. పట్టణాల ఎదుగుదలకు వేర్వేరు పరిశ్రమలు పక్కపక్కన ఉండటం ముఖ్యమని జేన్ జేకబ్స్ 1969లోనే రాశారు. ఎడ్వర్డ్ గ్లేజర్, ఆయన సహచరులు అమెరికా నగరాల లెక్కలు పరిశీలించి 1992లో అదే దారిలో తేల్చారు. ఒకే పరిశ్రమ పేరుకుపోవడం కంటే వైవిధ్యం, పోటీ ఉన్నచోటే ఉపాధి ఎక్కువగా పెరిగిందన్నారు. వీళ్లెవరూ రైతు సంఘాల వాళ్లు కాదు. వేల ఎకరాల్లో ఒక్క ఫార్మానే నింపాలన్న పథకానికి వీళ్ల లెక్కలూ మద్దతు ఇవ్వవు.

తమిళనాడులోని కోయంబత్తూరు చూడండి. అక్కడ మొదటి నూలు మిల్లు 1888లో వచ్చింది. చుట్టూ పత్తి చేలు, బావుల కింద సేద్యం. 1930లలో పైకారా జలవిద్యుత్తు వచ్చింది. మిల్లు యంత్రాలు బాగుచేసిన చేతులు రైతు బావికి పంపులు చేయడం మొదలుపెట్టాయి. అక్కడి తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు, బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో దేశీయ విద్యుత్ మోటారు తయారుచేశారు. అక్కడే వ్యవసాయ కళాశాల, 1912 నుంచి చెరకు పరిశోధనా సంస్థ. చెరకు రకాల పేర్లలో 'కో' అన్నది కోయంబత్తూరే. అక్కడ మిల్లు, వర్క్‌షాపు, చేను ఒకదానికొకటి పని చెప్పుకున్నాయి, ఒకదాని దగ్గర ఒకటి నేర్చుకున్నాయి. రైతు అక్కడ భూమి పోగొట్టుకున్నవాడు కాడు, యంత్రం ఎలా ఉండాలో చెప్పిన కొనుగోలుదారు. ఆ పంపుసెట్లే మన బావుల దాకా వచ్చాయి.

ఇప్పుడు పటాన్‌చెరు చూడండి. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద పరిశోధించే ఇక్రిశాట్ 1972 నుంచి అక్కడే ఉంది. దగ్గర్లోనే మందుల కంపెనీలు, వాటిలో ఆరితేరిన రసాయన శాస్త్రవేత్తలు. మట్టి, నీరు, పురుగుమందు నాణ్యత పరీక్షించగల పరికరాలూ మనుషులూ అక్కడ ఉన్నారు. ఆ తలుపులు చుట్టుపక్కల రైతుకు తెరిపించాలన్న పట్టింపు మాత్రం ప్రభుత్వాలకు లేకపోయింది. నక్కవాగు ఒడ్డు రైతుకు చేరింది రంగు మారిన నీరు. అక్కడి ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి శుద్ధిచేసి వదిలిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని తేలింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. పరిజ్ఞానం అలుగు కంపెనీ నుంచి కంపెనీకి పారింది. మురుగు మన వాగులోకి పారింది.

గొలుసుకట్టు చెరువులు తవ్వించిన మన పెద్దలకు తెలుసు, పై చెరువు అలుగు పారినంత మాత్రాన కింది చెరువు నిండదు. మధ్యలో కాలువ ఉండాలి. ఆ కాలువ తవ్వాల్సింది ప్రభుత్వం. అది చేస్తున్నదేమిటి? ముచ్చర్ల చుట్టూ 19 వేల ఎకరాలకు పైగా ఫార్మా సిటీకని గీత గీసింది. 2024లో లగచర్ల రైతులు తిరగబడితే ఫార్మా నోటిఫికేషన్ వెనక్కి తీసుకుని, పారిశ్రామిక కారిడార్ పేరుతో మళ్లీ వచ్చింది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం భూమిలో 100 ఎకరాలు కొత్త హైకోర్టు భవనాలకు కేటాయించింది. విద్యార్థులు వద్దని ఆందోళన చేసినా వినలేదు. పరిజ్ఞానం పుట్టే చోటునే కోసి పంచుతూ పరిజ్ఞానం గురించి మనకు పాఠాలు చెబుతోంది!

పరిశ్రమలు వద్దంటారా అని అడుగుతారు. వద్దనడం లేదు. మన పిల్లలకూ పని కావాలి. మన పంటకూ యంత్రం, నిల్వ, మార్కెట్ కావాలి. అందుకే మేం డిమాండ్ చేస్తున్నాం:

1. 2013 భూసేకరణ చట్టం చెప్పిన సామాజిక ప్రభావ మదింపును పక్కదారులు లేకుండా జరపాలి. ఏ నైపుణ్యం, ఎవరి ద్వారా, స్థానికంగా ఏ పనికి అందుతుందో అందులో రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పలేకపోతే నోటీసు రద్దు చేయాలి.

2. ప్రభుత్వ భూమో రాయితీలో పొందిన కంపెనీ తన ప్రయోగశాలలో చుట్టుపక్కల రైతుల మట్టి, నీటి పరీక్షలు ఉచితంగా చేయాలి.

3. వ్యవసాయ విశ్వవిద్యాలయాల ఖాళీలు భర్తీ చేయాలి. వాటి భూములు ముట్టుకోకూడదు. ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు, మండలాల్లోని వర్క్‌షాపులను పంట యంత్రాల తయారీతో కలపాలి.

4. వాగు నీటి పరీక్ష ఫలితాలు ప్రతి నెలా గ్రామ పంచాయతీ బోర్డు మీద పెట్టాలి. కలుషితం చేసినవాడి దగ్గరే నష్టపరిహారం రాబట్టాలి.

వచ్చే గ్రామసభల్లో ఈ నాలుగు అంశాలనూ తీర్మానాలుగా పెట్టించండి. అధికారి వచ్చి అభివృద్ధి అన్నప్పుడు ఎకరాకు ఎంత ఇస్తారన్న ప్రశ్నతో ఆగకండి. అలుగు ఎటు పారుతుందో, కాలువ ఎవరు తవ్వుతారో మొదట అడగండి.