పైపు కారితే కోత ప్లంబర్‌కేనా?

సౌదీలో పనిచేసే మన ప్లంబర్ అన్నల నోట తరచూ వినే మాట ఒకటుంది: "జాయింటు కారింది, జీతం కోశారు." తప్పు ఎవరిదని అడిగేవాళ్లే ఉండరు.

అసలు జాయింటు ఎందుకు కారుతుంది? సోల్డర్‌ను కరిగించాల్సింది మంట కాదు, వేడెక్కిన రాగి. పైపు చివర, ఫిట్టింగ్ లోపల మెరిసేదాకా రుద్దాలి. ఫ్లక్స్ పలచగా రాయాలి. మంటను ఒకేచోట నిలపకుండా ఫిట్టింగ్ చుట్టూ తిప్పాలి. మంటకు ఎదురువైపు సోల్డర్ తీగ ఆనిస్తే దానంతట అదే కరగాలి. అప్పుడు సందులోకి తనే పాకి, చుట్టూ నిండుతుంది. సీసం లేని సోల్డర్‌కు సుమారు 230 డిగ్రీల వేడి కావాలి. మరీ ఎక్కువ కాలిస్తే ఫ్లక్స్ మాడి నల్లబడుతుంది, సోల్డర్ అంటదు. పైపులో నీళ్లు మిగిలితే 100 డిగ్రీల దగ్గరే మరిగి వేడిని లాగేసుకుంటాయి. ఎంతసేపు కాల్చినా లాభం లేదు.

మరి లైను ఖాళీ చేయడానికి టైం ఇవ్వనిది ఎవరు? అయిపోవచ్చిన గ్యాస్ సిలిండర్, ఎండిపోయిన ఫ్లక్స్ డబ్బా చేతికిచ్చి "జల్దీ, జల్దీ" అన్నది ఎవరు? అలాంటప్పుడు ఆ లీకు ప్లంబర్ చేతిది కాదు, సైటు నడిపేవాళ్లది.

మన చేతి తప్పు కూడా ఉండొచ్చు, కాదనడం లేదు. అప్పుడైనా హద్దుంది. సౌదీ కార్మిక చట్టం 91వ ఆర్టికల్ ప్రకారం, కార్మికుడి తప్పు వల్ల జరిగిన నష్టానికి నెలకు 5 రోజుల జీతం కంటే ఎక్కువ కోయకూడదు. కోత అన్యాయమనిపిస్తే ఫిర్యాదు చేసుకునే హక్కు కూడా ఉంది. గడువు తక్కువ కాబట్టి నాన్చొద్దు. ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు, డ్రైవర్లకు ఈ చట్టం కాదు, వేరే నిబంధనలు ఉన్నాయి.

అందుకే నేననేది ఇదే. లైన్లో నీళ్లున్నాయని, సామాను సరిగా లేదని ఫోర్‌మన్‌కు నోటితో చెప్పి ఊరుకోవద్దు, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి. ఫోటో తీసి ఉంచండి. అర్థం కాని అరబీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. టార్చ్ వెలిగించే ముందు పక్కన మంటలార్పే సిలిండర్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే అడగండి.

పని మనకొచ్చు. ఆ పని సరిగా చేయడానికి కావాల్సిన టైం, సామాను అడగడం కూడా పనిలో భాగమే.