బిల్లు లేని విత్తనం, పేరు లేని మెసేజ్

ఏరువాక పౌర్ణమి వెళ్లింది. పత్తి గింజలు పెడుతున్నాం, నారుమళ్లు పోసుకుంటున్నాం. మామూలుగా ఈ నెల సంపాదకీయం ఎరువుల గురించో, పంట రుణాల గురించో, 2020-21లో ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్న మన రైతుల గురించో ఉంటుంది. ఈసారి ఫోన్ల గురించి రాస్తున్నాం. 2021 ఏప్రిల్, మే నెలల్లో మన సంఘం పోగొట్టుకున్న సభ్యులందరినీ రోగం ఒక్కటే తీసుకుపోలేదు. ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజులు దాటిపోయేదాకా కొందరు ఫోన్లో వచ్చిన వైద్యం చేసుకుంటూ ఇంట్లోనే ఉండిపోయారు. వాళ్ల పేర్లు ఇక్కడ రాయం. ఆ ఇళ్లల్లో ఇప్పటికే ఉన్న బాధ చాలు.

ముందు మా తప్పు మేము చెప్పుకోవాలి. 2020 ఫిబ్రవరిలో, ఇంకా మన జిల్లాలో ఒక్క కేసూ లేనప్పుడు, మన సంఘం వాట్సాప్ గ్రూపులోకి ఒక మెసేజ్ వచ్చింది. బాయిలర్ కోడి తింటే కరోనా వస్తుందని, కింద చచ్చిన కోళ్ల ఫోటో. పెట్టింది బయటివాడు కాదు, మన మండల నాయకుడే. ఆ ఫోటోలోవి కొక్కెర తెగులు పట్టిన కోళ్లని పెరట్లో నాలుగు కోళ్లు పెంచిన ఏ ఆడమనిషైనా చెప్పగలదు. మేము మాత్రం దాని కింద దండం బొమ్మలు పెట్టాం. అదే గ్రూపులో రెండు కోళ్ల షెడ్లున్న సభ్యుడు ఒకరు ఉన్నారు. "అన్నా, ఇది నిజం కాదు, దయచేసి తీసేయండి" అని రాశాడు. ఎవరూ తీయలేదు. రాత్రికి అది మన గ్రూపు నుంచి ఇంకెన్ని గ్రూపులకు పోయిందో లెక్క లేదు.

తర్వాత జరిగింది మీకు తెలిసిందే. కోడిపిల్లలు, మేత కంపెనీవి. షెడ్డు, కరెంటు, చాకిరీ రైతువి. అమ్మకం పడిపోయేసరికి కంపెనీ ఎదిగిన కోళ్లను ఎత్తుకుపోవడం ఆలస్యం చేసింది, కొత్త బ్యాచ్ పిల్లలను వేయడం ఆపేసింది. ఆ సభ్యుడి షెడ్లు నెలల తరబడి ఖాళీగా ఉన్నాయి. బ్యాంకు కిస్తీ మాత్రం ఆగలేదు. ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో తెలంగాణ మంత్రులు వేదికెక్కి అందరి ముందూ చికెన్ తిని చూపించారు. అయినా జనం నమ్మలేదు. కర్ణాటకలో బెళగావి జిల్లా రైతు ఒకాయన వేల కోళ్లను బతికుండగానే గోతిలో పూడ్చిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. అది నిజమైన వీడియో. దాన్ని పంచుకున్నవాళ్లు తక్కువ.

కోడితో ఆగిందా? దేశంలో గుడ్ల ఉత్పత్తిలో మన రాష్ట్రానిది మొదటి స్థానం. ఆ కోళ్లన్నీ తినేది మన మొక్కజొన్న. మార్చి, ఏప్రిల్ నెలల్లో రబీ మొక్కజొన్న కల్లాల మీదకు వచ్చేసరికి దాణా మిల్లులవాళ్లు మొహం చాటేశారు. 2019-20లో మద్దతు ధర క్వింటాలుకు 1,760 రూపాయలు. ఆ ధరకు కొనే ప్రైవేటు వ్యాపారి కనపడలేదు. దానికి తోడు లాక్‌డౌన్, గోరుచుట్టు మీద రోకటిపోటు. నష్టానికంతటికీ ఆ మెసేజే కారణమని మేము అనడం లేదు. కానీ మొదటి దెబ్బ అదే కొట్టింది. ఆ దెబ్బలో మన సంఘం చెయ్యి కూడా ఉంది. మొక్కజొన్న కొనుగోలు కేంద్రాలు తెరవాలని తహసీల్దారు ఆఫీసు ముందు ధర్నా చేసినవాళ్లలో ఆ మెసేజ్‌కు దండం పెట్టినవాళ్లూ ఉన్నారు.

మనం చదువు తక్కువ వాళ్లం కాబట్టి మోసపోతున్నామని పట్నంవాళ్లు కొందరు అంటారు. మేము ఒప్పుకోం. విత్తనం కొనేటప్పుడు మనమెంత జాగ్రత్తపడతామో చూడండి. సంచి మీద లాట్ నంబరు చూస్తాం, గడువు చూస్తాం, మొలక శాతం చూస్తాం, బిల్లు అడిగి తీసుకుంటాం. అంత చూసినా మోసపోతే, ఆ బిల్లు పట్టుకునే కదా నష్టపరిహారం అడిగేది. లూజు పత్తి గింజలు ఊళ్లోకి తెచ్చి అమ్మేవాణ్ణి "ఎవరివి, ఎక్కడివి" అని నాలుగు ప్రశ్నలు అడగకుండా వదలం. ఎకరం చేనులో వేసే గింజకు చేసే విచారణ, మన ఒంట్లోకి పోయే మందుకు ఎందుకు చేయలేదు? ఎవరు రాశారో తెలియదు, ఏ ఊరో తెలియదు, ఎప్పటిదో తెలియదు. తెలిసినవాడు పంపాడన్న ఒక్క కారణం తప్ప మనకు ఇంకేమీ లేదు. ఆ తెలిసినవాడికి ఇంకో తెలిసినవాడు పంపాడు. బిల్లు మాత్రం ఎవరి దగ్గరా లేదు.

2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో రెండు కుటుంబాలవాళ్లు, పది మందికి పైనే, ఉమ్మెత్త గింజల రసం తాగి ఆసుపత్రి పాలయ్యారు. కరోనా రాకుండా కాపాడుతుందని టిక్‌టాక్ వీడియోలో చూశారట. ఉమ్మెత్త విషమని మనకెవరైనా చెప్పాలా? గొడ్లు కూడా మూతి పెట్టని మొక్క అది. తాతల కాలం నుంచి తెలిసిన సంగతిని కూడా ఒక చిన్న వీడియో తుడిచిపెట్టగలిగిందంటే, ఆ రోజుల్లో భయం ఏ స్థాయిలో ఉందో ఆలోచించండి. అదే జిల్లాలో అంతకు రెండు నెలల ముందు, 2020 ఫిబ్రవరిలో, తనకు కరోనా వచ్చిందనుకుని, ఇంట్లోవాళ్లకు అంటుతుందని భయపడి ఒక యాభై ఏళ్ల మనిషి ప్రాణం తీసుకున్నాడు. ఆయనకు కరోనా లేదు. ఫోన్లో ఆ వీడియోలే మళ్లీ మళ్లీ చూశాడని ఇంట్లోవాళ్లు చెప్పారు.

ఇంకో రకం అబద్ధం ఉంది. అది ఒంటికి కాదు, ఊరికి విషం. మర్కజ్ వార్తలు వచ్చిన రోజుల్లో, ముస్లిం వ్యాపారి పండ్లకు ఎంగిలి అంటిస్తున్నాడంటూ ఒక వీడియో మన గ్రూపుల్లో కూడా తిరిగింది. అది మధ్యప్రదేశ్‌లోని రాయ్‌సేన్‌లో ఫిబ్రవరిలో తీసింది, కరోనాకూ దానికీ సంబంధం లేదు. ఏప్రిల్‌లో కొత్తదిగా చేసి వదిలారు. ఆ వారం మన దగ్గర పుచ్చకాయలు, కర్బూజాలు పొలంలోనే మగ్గిపోతున్నాయి. వాటిని తోటలో కొని, తోపుడు బండి మీద వీధి వీధి తిరిగి అమ్మేది ఎవరు? ఆ బండివాళ్లను వీధుల్లోకి రానివ్వకపోతే నష్టపోయింది వాళ్లొక్కరేనా? ఇదే పద్ధతిలో 2020-21లో ఢిల్లీ సరిహద్దుల్లోని మన రైతులను ఖలిస్తానీలన్నారు. పాత ఫోటోలకు కొత్త మాటలు తగిలించారు. మన మీద వచ్చినప్పుడు అది అబద్ధమని మనకు వెంటనే తెలిసిపోతుంది.

ఇక రెండో దఫా. 2021 ఏప్రిల్‌లో కర్పూరం, వాము మూట కట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని వచ్చిన మెసేజ్ మీ అందరి ఫోన్లలో ఇంకా ఉండే ఉంటుంది. వాసన చూస్తే ముక్కు తేలికపడినట్టు ఉంటుంది, అంతే. రక్తంలో ఆక్సిజన్ పెరగదు. మన సభ్యుడొకరికి ఆశా కార్యకర్త వేలికి మిషన్ పెట్టి చూస్తే 90 చూపించింది. 94 కంటే తగ్గితే ఆసుపత్రికి పోవాలని ఆమె చెప్పింది. ఆయన మూట వాసన చూస్తూ రెండు రోజులు ఆగాడు. మూడో రోజు బయలుదేరితే మంచం దొరకలేదు.

ఇక్కడ ఒక్కమాట. ఆయన మూర్ఖుడై ఆగలేదు. అంతకు ముందు వారమే ఆయన బావమరిదిని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చి, ఎకరం పొలం తాకట్టు పెట్టి, శవాన్ని తెచ్చుకున్నారు. ఆసుపత్రి అంటే ఆయనకు కనపడింది అదే. ఆ మెసేజ్‌లో ఖర్చు పది రూపాయలు.

కృష్ణపట్నం గురించి కూడా అలాగే చూడాలి. 2021 మే నెలలో నెల్లూరు జిల్లాలోని ఆ ఊరికి వేల మంది పోయారు, మన ఊళ్ల నుంచీ ఆటోలు, కార్లు కట్టించుకుని పోయారు. ఆనందయ్య డబ్బు తీసుకోకుండా మందు ఇచ్చాడు. అందుకు ఆయనను తక్కువ చేసి మాట్లాడం. కంట్లో చుక్కలు వేయగానే ఊపిరి అందని మనిషి లేచి మాట్లాడాడన్న వీడియో రాష్ట్రమంతా తిరిగింది. అందులోని పెద్దాయన కొద్ది రోజులకే ఆసుపత్రిలో చనిపోయారు. ఆ రెండో కబురు ఎన్ని ఫోన్లకు చేరింది? మే 31న ప్రభుత్వం కంటి చుక్కలను పక్కనపెట్టి కొన్ని మందులకు అనుమతి ఇస్తూ, వీటితో కరోనా తగ్గుతుందనడానికి ఆధారం లేదని, డాక్టర్లు రాసిన మందులు ఆపొద్దని చెప్పింది. "అనుమతి ఇచ్చింది" అన్న ముక్క ఒక్కటే ఊళ్లకు వచ్చింది. ఇంకోటి ఉంది. జ్వరంతో ఉన్నవాళ్లూ, లేనివాళ్లూ గంటల తరబడి ఒకే వరుసలో నిలబడ్డారు. ఆ వరుసలో రోగం ఎంతమందికి అంటిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

అబద్ధాలన్నీ ఊళ్లలో పుట్టినవేనని ప్రభుత్వాలు చేతులు దులుపుకుంటే కుదరదు. కరోనిల్ మందును 2021 ఫిబ్రవరిలో సాక్షాత్తూ అప్పటి కేంద్ర ఆరోగ్య మంత్రి కూర్చున్న వేదిక మీద విడుదల చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు ఉందన్నట్టు ప్రచారం నడిచింది. అలాంటి మందు దేన్నీ తాము పరీక్షించలేదని ఆ సంస్థ చెప్పాల్సి వచ్చింది. పై నుంచే అలా ఉన్నప్పుడు కింద వలంటీరు మాట ఎవరు విన్నారు? కోవిషీల్డ్ రెండో డోసుకు ముందు నాలుగు వారాలన్నారు, తర్వాత ఆరు నుంచి ఎనిమిది అన్నారు, మే నెలలో 12 నుంచి 16 అన్నారు. ఎందుకు మార్చారో ఊళ్లోకి వచ్చి ఒక్కరూ చెప్పలేదు. డాక్టర్లు మాట మార్చడం తప్పు కాదు. ప్లాస్మా చికిత్స పనిచేయడం లేదని తేలాక 2021 మే నెలలో దాన్ని పక్కన పెట్టారు, అది మంచిదే. వ్యవసాయ శాఖవాళ్లు కూడా ఒక ఏడు మంచిదన్న విత్తన రకాన్ని తెగులు వచ్చాక వద్దంటారు. కారణం చెబితే మనకు అర్థమవుతుంది. చెప్పకపోతే ఆ ఖాళీలో ఎవడో ఒకడు ఒక వీడియో పెడతాడు.

అబద్ధం మాత్రం అడగకుండానే ఇంటికొచ్చింది. టీకా కావాలంటే, 18 నుంచి 44 ఏళ్ల వాళ్లకు 2021 మే మొదట్లో, కొవిన్‌లో స్లాటు పట్టాలన్నారు. సిగ్నల్ కోసం చెరువు కట్ట ఎక్కే ఊళ్లకు చెప్పిన మాట అది.

టీకా మీద 2021లో తిరిగిన మాటల్లో కొన్ని పచ్చి అబద్ధాలు. పిల్లలు పుట్టరని, రెండేళ్లలో చచ్చిపోతారని. వీటికి ఏ ఆధారమూ లేదు. కానీ ఉపాధి హామీ పని దగ్గర ఆడవాళ్లను మేము కూర్చుని అడిగితే ఎక్కువమంది చెప్పిన కారణం అది కాదు. "సూదేసుకుంటే రెండు రోజులు జ్వరమంట, నాట్ల టైములో రెండు రోజులు పడుకుంటే కూలి ఎవరిస్తారు?" అన్నారు. ఇది పుకారు కాదు. ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావడం మామూలే, డాక్టర్లే చెబుతున్నారు. దీనికి జవాబు ఉపన్యాసం కాదు, ఆ రెండు రోజుల కూలి. 2021 జూన్ 20న ఒక్కరోజే మన రాష్ట్రంలో 13 లక్షలకు పైగా టీకాలు వేశారు. టీకా ఊరికి వస్తే జనం వేయించుకుంటారని ఆ రోజు తేలిపోయింది.

అందుకని సంఘంగా కొన్ని అనుకున్నాం. టీకా వేయించుకున్న వ్యవసాయ కూలీలకు, ఉపాధి కూలీలకు రెండు రోజుల కూలి ప్రభుత్వం ఇవ్వాలని మండలాల్లో అర్జీలు పెడుతున్నాం. పొలం ఉన్న మన సభ్యులు ఆ అర్జీ కోసం ఆగకుండా, తమ దగ్గర పనిచేసేవాళ్లకు కనీసం ఒక రోజు కూలి ఇవ్వాలి. రైతు సంఘం కదా, కూలి సంగతి మనకెందుకు అనేవాళ్లు ఉంటారని తెలుసు. నాట్లు వేసేది వాళ్లే.

గ్రూపుల సంగతి. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉందంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క గ్రూపుకే పంపగలిగేలా వాట్సాప్ 2020 ఏప్రిల్‌లోనే కట్టడి పెట్టింది. మన గ్రూపులో అసలు పెట్టనివ్వం. మందు గురించి, రోగం గురించి ఎవరేది పెట్టినా ఎవరు చెప్పారో, ఏ తేదీదో తన మాటల్లో రాయాలి. అది చెప్పలేకపోతే పెట్టకూడదు. తప్పు పెడితే తీసేయడమే కాదు, "నేను పెట్టింది తప్పు" అని అదే గ్రూపులో రాయాలి. ఈ నియమం జిల్లా కార్యవర్గానికే ముందు వర్తిస్తుంది. అనుమానం వస్తే ఏఎన్‌ఎమ్మునో, పీహెచ్‌సీ డాక్టరునో అడగండి. ఆర్‌ఎంపీలను కూడా ఈ పనిలో కలుపుకుందామని కొందరు సభ్యులు అన్నారు, ఇంకొందరు వద్దన్నారు. రాత్రి పన్నెండుకి తలుపు తట్టినా పలికేది ఆయనే, నిజం. ఆయన కూడా మనలాగే ఫోన్ చూసి వైద్యం చేసిన చోట్లు ఉన్నాయి, అదీ నిజం. దీన్ని మండల సమావేశాల్లో మాట్లాడి తేల్చాలి.

ఆ కోళ్ల షెడ్ల సభ్యుణ్ణి ఈ వారం కలిశాం. ఒక షెడ్డు అమ్మేశాడు. రెండోదాంట్లో కొత్త బ్యాచ్ వేశాడు. 2020లో ఆ మెసేజ్ పెట్టిన మండల నాయకుడు మాతో వచ్చి, అతని ముందే తప్పు ఒప్పుకున్నాడు. "అదేదో అప్పుడే గ్రూపులో రాసుంటే బాగుండేది అన్నా" అన్నాడతను. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి ఆ మాట గ్రూపులో ఉంటుంది, పెట్టినవాడి పేరుతో సహా.