మొదటి కాపు దాకా ఆగేదెవరు?

ఒప్పందాల ఫొటోలకు పత్రికల్లో కరవు లేదు. మధ్యలో మంత్రిగారు, ఇటు కంపెనీ ప్రతినిధి, అటు శాఖ కార్యదర్శి, ముగ్గురి చేతుల్లోనూ ఫైళ్లు. కింద వార్త కూడా ఇంచుమించు ఒకేలా ఉంటుంది: ఇన్ని వేల మంది యువతకు శిక్షణ, ఇన్ని వేల కొలువులు, స్థానికులకు పెద్దపీట. ఏడాది తిరిగాక ఆ కొలువుల సంగతేమిటని అడిగేవారు తక్కువ. అడిగినా, శిక్షణ పొందినవారి లెక్క చేతికొస్తుంది గాని పనిలో నిలిచినవారి లెక్క రాదు.

నలుగురు చేతులు కలిపి ఒక ఊరికో, ఒక జిల్లాకో ఉపాధి తెస్తామని బయల్దేరినప్పుడు ముందుగా తేల్చుకోవాల్సిన మాట ఒకటుంది. పని బెడిసికొడితే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? చాలా ఒప్పందాల్లో అది సర్టిఫికెట్ పట్టుకుని తిరిగే కుర్రాడి మీద, అతని ఇంటివాళ్ల మీద పడుతుంది. మిగతావారికి ముట్టాల్సింది అప్పటికే ముట్టి ఉంటుంది. నష్టాన్ని తలా కొంత మోయడానికి ఒప్పుకున్న చోట్ల కథ వేరుగా నడిచింది. అందుకు సాక్ష్యం తెలుగు నేల మీదే రెండు చోట్ల కనిపిస్తుంది: పాడేరు కొండల్లో, ముల్కనూరులో.

తూర్పు కనుమలకు కాఫీ కొత్త కాదు. 1898లో బ్రిటిష్‌వాళ్లు తూర్పు గోదావరి వైపు పాములేరు లోయలో నాటిన మొక్క 1920ల నాటికి అరకు, గూడెం ప్రాంతాలకు పాకింది. స్వాతంత్ర్యం తర్వాత అటవీ శాఖ, ఆపైన అటవీ అభివృద్ధి సంస్థ పెద్ద తోటలు పెంచాయి. కొండవాలున పోడు కొట్టుకుని సామలు, చోళ్లు పండించుకునే గిరిజన కుటుంబానికి సొంత కాఫీ తోట చాలాకాలం అందని సంగతే. అందుకు కారణం తెలివి లేకపోవడమో, శ్రమకు వెనకాడడమో కాదు. కాఫీ మొక్క నాటితే మూడు నాలుగేళ్లకు గాని కాపుకు రాదు. దానికి నీడ కావాలి, నీడకోసం సిల్వర్ ఓక్ పెంచాలి. అన్నేళ్లూ ఆ చెక్కలో తిండిగింజలు తగ్గుతాయి. తీరా కాపు వచ్చాక దాని ధర న్యూయార్క్ మార్కెట్లో తేలుతుంది. ఎకరం రెండెకరాల మనిషి ఇంత సాహసానికి దిగాలంటే, ఎదురుచూసే ఆ కాలపు ఖర్చులో ఎవరో ఒకరు చెయ్యి వెయ్యాలి.

పాడేరు ఏజెన్సీలో చాలామంది వేశారు. పాడేరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) మొక్కలిచ్చింది, తోటల పెంపకానికి సాయం చేసింది. ఉపాధి హామీ కూలి డబ్బు కొంత ఈ తోటల్లో పనులకూ చేరింది. కాఫీ బోర్డు ఆర్.వి.నగర్‌లోని తన ప్రాంతీయ పరిశోధన కేంద్రం ద్వారా సాగు మెలకువలు అందించింది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, అంటే అందరికీ తెలిసిన జీసీసీ, కొనుగోలుదారుగా నిలబడింది. సీజన్ మొదట్లో జీసీసీ ధర ప్రకటిస్తే, సంతకొచ్చే ప్రైవేటు వ్యాపారి అంతకు మరీ తగ్గించి అడగలేడు. జీసీసీకి అమ్మని రైతుకు కూడా ఆ ప్రకటన వల్ల ఒరిగేది అదే.

వీళ్లకు తోడు 1998లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన నాంది ఫౌండేషన్ వచ్చింది. ఆ సంస్థ తోడ్పాటుతో చిన్న, సన్నకారు గిరిజన రైతులు 2007లో సొంతంగా పరస్పర సహాయక సహకార సంఘం పెట్టుకున్నారు. 2010లో ఫ్రాన్స్ నుంచి లైవ్‌లీహుడ్స్ ఫండ్ రంగంలోకి దిగింది. డానోన్ లాంటి కంపెనీలు కలిసి పెట్టిన నిధి అది. కాఫీతో పాటు మామిడి, జామ, పనస, నిమ్మ వంటి మొక్కలు లక్షల సంఖ్యలో నాటడానికి డబ్బు ముందే పెట్టింది. అందుకు రైతుల దగ్గర వడ్డీ తీసుకోదు, పంటలో వాటా అడగదు. ఆ చెట్లు పెరిగి పీల్చుకునే కార్బన్‌కు వచ్చే క్రెడిట్లే దాని రాబడి. అవి కూడా ఒక్కసారిగా చేతికి రావు, ఇరవై ఏళ్ల పొడవునా వస్తాయి. మొక్క ఎండిపోతే ఫండ్‌కు క్రెడిట్ లేదు. కాబట్టి నాటిన మొక్క బతకాలన్న ఆత్రం కొండమీది రైతుకు ఎంత ఉంటుందో, ప్యారిస్‌లో లెక్కలు చూసుకునేవారికీ అంతే ఉంటుంది.

ఇక నైపుణ్యం సంగతి. మంచి కాఫీకి పండిన ఎర్రపండునే ఏరాలి. ఒకే కొమ్మ మీది కాయలన్నీ ఒకేసారి పండవు గనుక ఒక్కో చెట్టు దగ్గరికి మూడు నాలుగు దఫాలు తిరగాలి. కోసిన పండును ఆ రోజే పల్పర్‌లో వేసి పైతోలు తీయాలి. గింజకు అంటుకున్న జిగురు పులిసి వదిలాక కడిగి, మట్టి తగలకుండా ఎండబెట్టాలి. ఐదారు కిలోల పండు ఇంత చాకిరీ చేయించుకుని కిలో పార్చ్‌మెంట్, అంటే పలుచని పొట్టుతో ఉన్న ఎండు గింజ, అవుతుంది. సంతలో ఎర్రపండుకూ పచ్చికాయకూ ఒకటే ధర కట్టి, దాన్ని కూడా పాత అప్పు కింద జమ వేసుకునే షావుకారు ఒక్కడే కొనేవాడైతే, ఈ శ్రమంతా రైతుకు దండగ. అప్పుడు కొమ్మకున్నదంతా ఒకేసారి దూసి అమ్మేయడమే తెలివైన పని. ఎర్రపండుకు వేరే ధర దొరికాక చేతులు వాటంతటవే మారాయి. శిక్షణ తరగతులు పనికొచ్చింది ఆ తర్వాతే.

మిగిలిన పనులు కూడా ఆ వెనకే పుట్టాయి. నర్సరీలు పెంచేవాళ్లు, కంపోస్టు తయారుచేసేవాళ్లు, పల్పింగ్ కేంద్రాల్లో యంత్రాలు నడిపేవాళ్లు, బస్తాలు కొండ దించేవాళ్లు, నాణ్యత చూసేవాళ్లు కావాల్సి వచ్చారు. నీడకోసం పెట్టిన సిల్వర్ ఓక్ మీదికి మిరియం తీగ ఎక్కించి రెండో రాబడి చూసుకున్నారు. 2017లో ప్యారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. మరుసటి ఏడాది అక్కడే ప్రీ ఎపిక్యూర్ పోటీలో అరకు కాఫీకి బంగారు పతకం దక్కింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవాళ అల్లూరి సీతారామరాజు జిల్లాలో రెండు లక్షలకు పైగా ఎకరాల్లో కాఫీ ఉంది.

ముల్కనూరు కథలో ఫ్రాన్స్ లేదు, కార్బన్ లేదు. ఇప్పటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ఆ ఊళ్లో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి పూనికతో సహకార పరపతి సంఘం మొదలైంది. అప్పివ్వడంతో ఆగకుండా విత్తనం, ఎరువు, రైస్‌మిల్లు, పత్తి జిన్నింగ్ వరకు వెళ్లింది. రైతుకు అప్పిచ్చినవాడే అతని పంట అమ్మిపెట్టే బాధ్యత కూడా తీసుకుంటే, ఆ పంట బాగా పండాలని కోరుకోక తప్పదు. సంఘం చేసింది అదే.

ఆ చుట్టుపక్కల ఊళ్లలోని ఆడవాళ్లు పొదుపు సంఘాల్లో డబ్బు లెక్కలు నేర్చుకున్నారు. సహకార అభివృద్ధి ఫౌండేషన్ వెన్నంటి నిలిచింది. 2002లో స్వకృషి పేరుతో మహిళల డెయిరీ పాలు పట్టడం మొదలుపెట్టింది. సభ్యులు ఆడవాళ్లే, పాలకవర్గమూ ఆడవాళ్లే. గేదె మేపేదీ, పాలు పితికేదీ ఆమె అయినప్పుడు పాల డబ్బు ఆమె పేరునే పడాలన్న చిన్న నిబంధన, ఇళ్లలో పెద్ద మార్పే తెచ్చింది. పాలలో వెన్న శాతం కొలిచి ధర కట్టడం వల్ల, మంచి దాణా పెట్టినవాళ్లకు ఆ ఫలితం చీటీలోనే కనిపిస్తుంది. ఊరి కేంద్రంలో పాలు కొలిచే మనిషి నుంచి డెయిరీలో యంత్రాల దగ్గర ఉండేవాళ్ల దాకా పనులు అక్కడివాళ్లకే పుట్టాయి.

అరకు రైతు సంఘానికీ స్వకృషికీ మధ్య ఒక చుట్టరికం ఉంది. రెండూ 1995 నాటి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద పుట్టినవే. దేశంలో ఇలాంటి చట్టం మొదట చేసింది అప్పటి ఉమ్మడి రాష్ట్రం. ఆ సంఘాల్లో సర్కారు వాటాధనం ఉండదు, సర్కారు కూర్చోబెట్టే పర్సన్ ఇన్‌చార్జి ఉండడు. మిగులు వస్తే సభ్యులు పంచుకుంటారు, లోటు వస్తే దాన్నీ సభ్యులే భరించాలి. లోటు తమదని తెలిసినవాళ్లు లెక్కలు అడుగుతారు. మీటింగుకు వస్తారు.

దీని పక్కన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనను పెట్టి చూడాలి. 2015లో మొదలైన ఈ పథకం రెండో విడతలో శిక్షణ కేంద్రాలకు ఫీజు చెల్లించిన పద్ధతి ఇది: బ్యాచ్ మొదలైతే 30 శాతం, అభ్యర్థి పరీక్ష గట్టెక్కితే 50 శాతం, ఉద్యోగం దొరికితే మిగిలిన 20 శాతం. అంటే ఒక్కరికి కూడా పని దొరక్కపోయినా శిక్షణ కేంద్రం చేతికి రూపాయికి ఎనభై పైసలు వస్తాయి. ఆ లెక్కలో తెలివైన నిర్వాహకుడు దేనిమీద దృష్టి పెడతాడో చెప్పడానికి ఆడిట్ అక్కర్లేదు. అతను చెడ్డవాడు కావాల్సిన పని లేదు. డబ్బు ఎటు వస్తే మనసు అటు పోతుంది.

అప్రెంటిస్ పద్ధతి ఇంతకంటే మెరుగు. 1961 నాటి చట్టం ప్రకారం ముప్పై మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. స్టైపెండ్ యజమాని జేబులోంచి వెళ్తుంది. 2016లో తెచ్చిన జాతీయ ప్రోత్సాహక పథకం అందులో 25 శాతాన్ని, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, తిరిగి ఇచ్చేలా రూపొందింది. మిగతా ముప్పాతిక తనదే కాబట్టి, తనకు అక్కర్లేని పని నేర్పడానికి ఏ యజమానీ డబ్బు తగలేయడు. చట్టంలో ఉన్నంత బలం అమలులో ఉంటే, ఐటీఐ పిల్లల కథ ఈపాటికి మరోలా ఉండేది.

తెలంగాణలో 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐ దగ్గర శంకుస్థాపన చేసిన కార్యక్రమాన్ని ఈ కళ్లద్దాలతోనే చూడాలి. టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చడానికి అనుకున్న ఖర్చు 2,324 కోట్ల రూపాయలు. అందులో పెద్ద వాటా కంపెనీదే. యంత్రాలకు కంపెనీ డబ్బు పెట్టడం మంచి మొదలు. అయితే యంత్రం తెచ్చినవాడు, పని ఇచ్చేవాడు ఒకడే కావాలని లేదు. సంగారెడ్డి జిల్లా ఐటీఐలో నేర్చిన కుర్రాడికి పని ఇవ్వాల్సింది పటాన్‌చెరు, జహీరాబాద్ ఫ్యాక్టరీలు. వాటికి ఈ ఒప్పందంలో ఏ పాత్ర ఉంది? ఏ ట్రేడులో ఎందరిని చేర్చుకోవాలో నిర్ణయించే చోట వాళ్ల మనిషి కూర్చుంటున్నాడా? కూర్చుంటే, తర్వాత ఆ పిల్లల్ని తీసుకోకపోతే అతనికి పోయేదేమైనా ఉందా?

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. నష్టంలో వాటా అడిగితే కంపెనీలు దగ్గరికే రావంటారు. కొంతమంది రారు, నిజమే. పాడేరుకూ ఎన్నో కంపెనీలు రాలేదు. వచ్చినవి మాత్రం ఏళ్ల తరబడి ఉన్నాయి. రెండో వాదనకు బరువు ఎక్కువ: అరకు విజయం ఒక పంటమీద, కొద్దిమంది కొనుగోలుదారుల మీద నిలబడి ఉంది గదా అని. ఇది కొట్టిపారేయలేని మాట. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో అరబికా ధర పౌనుకు నాలుగు డాలర్లు దాటి రికార్డు కొట్టింది. అలా ఎగిరిన ధర అలాగే పడనూ గలదు. అదే ఏడాది వర్షాకాలంలో అరకు ప్రాంతపు తోటల్లో కాయతొలుచు పురుగు బయటపడింది. పురుగు పట్టిన కాయను చెట్టున ఉంచితే పక్క తోటకూ పాకుతుంది. కోసి నాశనం చేస్తే ఆ ఏటి రాబడి పోతుంది. పరిహారం చేతికొస్తుందన్న నమ్మకం ఉన్న రైతే ముందుకొచ్చి తన తోటలో పురుగుందని చెబుతాడు. లేనివాడు దాచిపెడతాడు, ఊరంతా మునుగుతుంది. ఈ పురుగు విషయంలో ఐటీడీఏ, కాఫీ బోర్డు, జీసీసీ కలిసి ఎంత చురుగ్గా కదులుతాయన్నదే పాతికేళ్ల భాగస్వామ్యానికి అసలు పరీక్ష.

మరో కొరత కూడా ఉంది. కొండ మీద పార్చ్‌మెంట్ అయ్యేదాకా జరిగే పని గిరిజనుడిది. వేయించడం, పొడి చేయడం, రుచి చూసి శ్రేణి కట్టడం, పొట్లం కట్టి పేరు పెట్టి అమ్మడం ఎక్కువగా కొండ దిగాకే జరుగుతాయి. రాబడి పెరిగేది కూడా అక్కడే. కాఫీ డబ్బుతో డిగ్రీ చదివిన పాడేరు, చింతపల్లి పిల్లలు ఇప్పుడు తోటలో పండు ఏరడానికి సిద్ధంగా లేరు, ఉండాల్సిన అవసరమూ లేదు. వాళ్లకు కావాల్సినవి ఆ రెండో అంచె పనులు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో రాబోయే ఒప్పందాల్లో మూడు షరతులు రాయించడం కష్టమేమీ కాదు. శిక్షణ ఫీజులో కనీసం సగం, అభ్యర్థి ఆరు నెలలు పనిలో నిలిచాకే చెల్లించాలి. ఆ జిల్లాలో మనుషుల్ని పనిలోకి తీసుకునే సంస్థ ఒకటైనా సంతకం చేసి, ఎందరిని తీసుకుంటుందో అంకెతో సహా రాయాలి. పనిలో నిలిచినవారి సంఖ్యను ఐటీఐలవారీగా ఏటా జిల్లా కలెక్టర్ ప్రకటించాలి. 65 ఐటీఐల నుంచి బయటికొచ్చే పిల్లలతోనే తెలంగాణ ఈ పని మొదలుపెట్టవచ్చు. ఆంధ్రప్రదేశ్ అయితే పాడేరులో వేయింపు, శ్రేణీకరణ పనులు నేర్పే కేంద్రం పెట్టి, దాని సంతకాల్లో జీసీసీతో పాటు రైతు సంఘాన్నీ కూర్చోబెట్టవచ్చు.