పాప నీళ్లడిగింది కాబట్టి సరిపోయింది

మా అత్తమ్మ వాళ్లది ఆదిలాబాద్. హైదరాబాద్‌లో స్వెట్టర్ వేసుకుని సెల్ఫీ దిగేదాన్నే మనం చలి అనుకుంటాం. డిసెంబర్‌లోనో జనవరిలోనో ఆదిలాబాద్‌లో తెల్లవారుజామున ఒకసారి గడప దాటి చూడండి, అసలు సంగతి తెలుస్తుంది. పది డిగ్రీల లోపుకి దిగడం అక్కడ వాళ్లకి వార్తే కాదు. ఇంటికేమో పైన శ్లాబు, కింద బండలు. రాత్రి పది దాటాక ఆ బండల మీద కాలు పెడితే ఐసుగడ్డ తొక్కినట్టే.

పోయిన చలికాలం మూడు రోజులు ఉండొద్దామని వెళ్లాం. మా పాపకి నాలుగేళ్లు. మొదటి రాత్రికే ముక్కు మూసుకుపోయి, నోటితో ఊపిరి తీస్తూ పడుకుంది. తెల్లారగానే మా ఆయన బజారుకెళ్లి రూమ్ హీటర్ పట్టుకొచ్చారు. రెండు వేల వాట్లది, లోపల ఫ్యాన్ తిరుగుతూ వేడిగాలి కొట్టే రకం. అబద్ధమెందుకు, దాని ముందు మొదట కూర్చున్నది పాప కాదు, నేనే.

చిక్కెక్కడ వచ్చిందంటే, పాప పడుకునే గదిలో పెద్ద సాకెట్టు లేదు. హీటర్ ప్లగ్గుకేమో లావు పిన్నులు. గదిలో ఉన్నది ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే మామూలు సాకెట్టు. మనిళ్లల్లో ఇలాంటప్పుడు ఏం చేస్తామో మీకూ తెలుసు. బీరువా మీద నుంచి పాత ఎక్స్‌టెన్షన్ బాక్స్ దిగింది. లావు పిన్నులు పట్టేలా దానికో కన్వర్టర్ ప్లగ్ తగిలించాం. పాప కాలికి తగులుతుందని వైరుని చాప కింద నుంచి తీసుకెళ్లి, బాక్సుని మంచం వెనక దాచాం. ఆ దాచింది నేనే. చాలా జాగ్రత్తపరురాలిని అనుకున్నాను కూడా.

రాత్రి రెండింటికి పాప లేపింది. "అమ్మా, నీళ్లు." లేచి కూర్చున్నాక గానీ ముక్కుకి తగల్లేదు, ప్లాస్టిక్ కాలుతున్న వాసన. హీటర్ వంక చూశా. శుభ్రంగా తిరుగుతోంది. మంచం వెనక ఫోన్ టార్చ్ వేస్తే, బాక్సు ఒక పక్క గోధుమ రంగుకి తిరిగి మెత్తబడి ఉంది. దుప్పటి అంచు దానికి జానెడు దూరంలో వేలాడుతోంది. పాపని ఎత్తుకుని హాల్లోకి పరిగెత్తి మెయిన్ ఆపేశా. ఆ తర్వాత ఎవరం పడుకోలేదు.

ఒక్క మాట. వాసనకి నేను లేవలేదు. పాప లేపితే లేచాను. నిద్రలో ఉన్న మనిషిని పొగ వాసన లేపుతుందన్న గ్యారంటీ లేదు. మనిళ్లల్లో పొగ అలారాలూ అరుదే. ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు చల్లబడుతుంది.

పొద్దున్నే ఎలక్ట్రీషియన్ అన్న వచ్చాడు. నా మొదటి ప్రశ్న: "ఎంసీబీ ఉంది కదన్నా, అదెందుకు పడిపోలేదు?"

ఆయన నవ్వి, "అక్కా, ఎంసీబీ గోడల ఉన్న వైరుని చూసుకుంటది. మీ డబ్బా సంగతి దానికేం తెలుస్తది?" అన్నాడు.

లెక్క చిన్నదే. రెండు వేల వాట్లని మన కరెంటు వోల్టేజీ 230తో భాగిస్తే దాదాపు 8.7 ఆంప్స్ వస్తుంది. చిన్న సాకెట్టు, దానికి తగిలించే ఎక్స్‌టెన్షన్ బాక్స్ మోసేది 6 ఆంప్స్. ఆ లైనుకున్న ఎంసీబీ ఏమో పదో పదహారో. అంటే ఎంసీబీ లెక్కలో అంతా సవ్యంగానే ఉంది, బాక్సు మాత్రం మోయలేని బరువు మోస్తోంది. పైగా పాతది, లోపల రేకులు వదులైపోయాయి. పట్టు వదులైన చోటే వేడి పుడుతుంది. ఇంకోలా చెప్పనా? మీ ఫోన్ ఛార్జర్ ఇరవై వాట్లనుకోండి. ఈ హీటర్ పెట్టడమంటే ఒకే బాక్సులో వంద ఫోన్లు రాత్రంతా ఛార్జింగ్ పెట్టడం.

"హీటర్ కొనేటప్పుడు అందరూ హీటర్‌నే చూస్తరు. ఎనక గోడని ఎవరు చూడరు" అన్నాడాయన. నాకు ఆ మాట బాగా పట్టుకుంది. నిజంగానే, స్టార్ రేటింగులు, రివ్యూలు అన్నీ చదివి కొంటాం. ఎక్కడ గుచ్చుతామో మాత్రం ఇంటికొచ్చాక ఆలోచిస్తాం. ఏసీకో గీజర్‌కో వాడే 16 ఆంప్స్ పవర్ సాకెట్టు ఆ గదిలో లేకపోతే, ఆ గదికి రెండు వేల వాట్ల హీటర్ లేనట్టే. ఉన్నా సరే, మొదటి రోజు అరగంట నడిపి, స్విచ్ ఆపి, ప్లగ్గుని వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చురుక్కుమంటే ఆ సాకెట్టు మార్పించాల్సిందే.

ఇక రాత్రంతా పెట్టొచ్చా అన్నది. పిల్లల గదిలో, అందరూ నిద్రపోతుండగా, ఫ్యాన్ హీటర్ గానీ ఎర్రగా కాలే రాడ్ హీటర్ గానీ వద్దు. ఇది నా తీర్మానం, మా ఆయనతో వాదించి మరీ గెలిచింది. పిల్లలు నిద్రలో దుప్పటి ఎటు తంతారో వాళ్లకే తెలీదు. పడుకునే ముందు గంటసేపు, మనం గదిలో మెలకువగా ఉండగా వేసి, తలుపు, కిటికీలు మూస్తే గది వెచ్చబడుతుంది. తర్వాత ఆపేసి ప్లగ్గు పీకేయడమే. మిగతా రాత్రి పని దుప్పటిది. బిల్లు లెక్క కూడా చూడండి: గంటకి రెండు యూనిట్లు. అదే ఎనిమిది గంటలు ఏకధాటిగా తిరిగితే పదహారు.

మరీ చలి ఊళ్లో, తప్పదనుకుంటే, ఆయిల్ నింపిన రేడియేటర్ రకం కాస్త నయం. దాన్లో ఎర్రగా కాలే తీగ బయటికి కనపడదు. గది వేడెక్కితే తనంతట తను ఆగే థర్మోస్టాట్, పడిపోతే ఆగిపోయే స్విచ్, ఐఎస్ఐ మార్కు ఉన్నాయో లేదో చూసి తీసుకోండి. థర్మోస్టాట్ ఇరవై డిగ్రీల దగ్గర చాలు. కానీ దాని ఒళ్లు కూడా చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. ఏ రకమైనా మంచానికీ, కర్టెన్‌కీ మూడడుగుల దూరంలో, స్టూలు మీద కాకుండా నేల మీద. వైరు చాప కింద వద్దు, చుట్ట చుట్టీ వద్దు. తడి సాక్సులు దాని మీద ఆరేయడం అసలే వద్దు. (చేశాను. అడక్కండి.)

ఏడాది లోపు పసిపిల్లలున్న ఇంట్లో ఇంకో జాగ్రత్త. వాళ్లకి చలి ఎంత ఇబ్బందో అతివేడి అంతకన్నా ప్రమాదం. చేతులు, కాళ్లు చల్లగా ఉన్నాయని హీటర్ పెంచేస్తాం. పసివాళ్లకి అవి మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనకో, ఛాతీ మీదో తాకి చూడాలి. అక్కడ చెమట ఉంటే ఒక పొర బట్ట తీసేయాలి. నిద్రలో టోపీ, వదులు రజాయి పెట్టొద్దు.

ఈ గొడవంతా చూసి అత్తమ్మ తేల్చేసింది. "గా కరెంటు లొల్లి ఎందుకు బిడ్డా, కుంపట్ల బొగ్గులేసి పెడ్తె అయిపాయె." ఇక్కడ మాత్రం నేను అడ్డం పడ్డాను. మూసిన గదిలో బొగ్గుల కుంపటి అంటే కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన లేదు, రంగు లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. హీటర్ ఆక్సిజన్ తినేస్తుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది కదా, కరెంటు హీటర్‌కి అది వర్తించదు. దాన్లో ఏదీ మండదు. గాలి కాస్త పొడిగా అనిపిస్తుంది, అంతే. అత్తమ్మ విన్నది. ఒప్పుకుందో లేదో తెలీదు గానీ, కుంపటి మాత్రం వరండాలోనే ఉండిపోయింది.

ఈ ఏడు మళ్లీ వెళ్లాం. ఎలక్ట్రీషియన్ అన్న మెయిన్ బోర్డు నుంచి పాప గదికి విడిగా వైరు లాగి, పవర్ సాకెట్టు పెట్టాడు, దానికో ఎంసీబీతో సహా. ఎనిమిదిన్నరకి హీటర్ ఆన్, కథలు. తొమ్మిదిన్నరకి మా ఆయన ఫోన్ అలారం మోగితే ఆఫ్. ప్లగ్గు తీసి హీటర్‌ని హాల్లో పెట్టేశారు. అప్పుడు అత్తమ్మ వచ్చి పాప మీద కాటన్ దుప్పటి, దాని మీద తన గొంగడి కప్పింది.

"నానమ్మా, గుచ్చుకుంటోంది."

"గుచ్చుకోదు, కింద దుప్పటి ఉన్నది. కండ్లు మూయ్."