సేవ చేస్తే చాలదు, చెయ్యనివ్వాలి!

ఈ వారం పచ్చళ్ళూ పొడులూ పక్కనపెట్టి మా ఇంటి కబురొకటి చెప్తాను. కాస్త ఓపిగ్గా వినండి.

మా అత్తయ్యగారికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట ముద్దయిపోయింది. ఆస్పత్రి నుంచి పెనుమూడి తీసుకొచ్చాక, చూడ్డానికొచ్చినవాళ్ళు తలా ఒక మాట. ఒకావిడ పావురం రక్తం రాయమంది. ఇంకొకాయన పసరు తాగించమన్నాడు. అవేవీ చెయ్యలేదు గానీ, నేను అంతకన్నా పెద్ద పొరపాటే చేశాను. ఆవిణ్ణి మంచం దిగనివ్వలేదు! ముద్ద కలిపి నోట్లో పెట్టాను. జడ వేశాను. లేపాల్సి వస్తే పడిపోయిన చెయ్యే పట్టుకుని లాగాను. "కోడలంటే నువ్వేనమ్మా" అని ఇరుగుపొరుగు అంటుంటే పొంగిపోయాను కూడా. రెండు నెలలు తిరిగేసరికి ఆ భుజం కదిపితే చాలు, అత్తయ్యగారు కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు.

అప్పుడు రేపల్లె నుంచి ఫిజియోథెరపీ చేసే అమ్మాయిని పిలిపించాం. వస్తూనే అత్తయ్యగార్ని కుర్చీలో కూర్చోబెట్టి, "మామ్మగారూ, ఆ గ్లాసు మీరే అందుకోండి" అంది. నేను గబుక్కున ముందుకెళ్ళబోతే, "పిన్నిగారూ, మీరు కాసేపు చేతులు కట్టుకోండి" అంది. నాకెంత కోపం వచ్చిందో! మంచి చేత్తో పడిపోయిన చేతిని పట్టుకుని, రెంటితో ఆ గ్లాసు ఎత్తేసరికి పది నిమిషాలు పట్టింది. సగం నీళ్ళు ఒలికిపోయాయి. కానీ మిగిలిన సగం ఆవిడే తాగారు! ఆ మొహంలో వెలుగు చూశాక నా కోపం ఏమైపోయిందో నాకే తెలీదు.

ఆ అమ్మాయే నాకు డాక్టర్ మేరీ వర్గీస్ గారి కథ చెప్పింది. వేలూరు ఆస్పత్రి మనవాళ్ళకి కొత్తేం కాదు కదా! ఆవిడ అక్కడ డాక్టరు. 1954లో కారు బోల్తాపడి వెన్నెముక దెబ్బతింది. నడుం కింద నుంచి కదలిక లేదు. వయసు ముప్ఫై కూడా నిండలేదు. ఇంకొకరైతే ఏమైపోయేవారో! డాక్టర్ పాల్ బ్రాండ్ గారి ప్రోత్సాహంతో చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకి ఆపరేషన్లు చేశారు. ఆస్ట్రేలియా వెళ్ళి తన పనులు తను చేసుకోడం నేర్చుకున్నారు. అమెరికాలో ఈ పునరావాస వైద్యమే ప్రత్యేకంగా చదువుకుని, తిరిగొచ్చి వేలూరులో ఆ విభాగాన్ని నడిపించారు. 1966లో రోగులు అక్కడే ఉండి నేర్చుకునే కేంద్రం ప్రారంభమైంది. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. 1986లో కన్నుమూశారు.

ఇలాంటి వైద్యంలో ఒక్కరి చెయ్యి చాలదట. డాక్టరు, నర్సు, నడక నేర్పే ఫిజియోథెరపిస్టు, బొత్తాం పెట్టుకోడం, అన్నం కలుపుకోడం లాంటి పనులు నేర్పేవాళ్ళు, మాటా మింగడమూ చూసేవాళ్ళు, కృత్రిమ కాళ్ళు చేసేవాళ్ళు... అందరూ ఒక్క రోగి చుట్టూ కూర్చుని మాట్లాడుకోవాలి. వాళ్ళతోపాటు ఇంట్లోవాళ్ళూ ఉండాలి సుమండీ!

అందుకే నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు మీకూ చెప్తున్నాను. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఒక్క క్షణం ఆగకుండా పెద్దాస్పత్రికి తీసుకెళ్ళండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ అవసరమైతే సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. మింగగలరో లేదో డాక్టరు చూడకుండా మజ్జిగ, జావ నోట్లో పొయ్యకండి. మంచం మీద ఉన్నవాళ్ళని రెండు గంటలకోసారి పక్క మార్చండి. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగొద్దు. జాకెట్టు తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి, విప్పేటప్పుడు ముందు మంచి చెయ్యి.

ఇప్పుడు అత్తయ్యగారు చేతికర్రతో అరుగు దాకా వస్తున్నారు. ఎడంచేత్తో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. భుజం నొప్పి మాత్రం పూర్తిగా పోలేదు. అది చూసినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది.

అన్నట్టు, ఆ రేపల్లె అమ్మాయికి ఒక కోరికుంది. ఊళ్ళోనే రెండు గదులు అద్దెకి తీసుకుని, వారానికోరోజైనా మాట నేర్పేవాళ్ళనీ, పనులు నేర్పేవాళ్ళనీ రప్పించాలట. మంచం పట్టినవాళ్ళని పెట్టుకుని ఎవరూ గుంటూరు దాకా పరుగెత్తక్కర్లేకుండా! వాళ్ళమ్మ మాత్రం, "కాళ్ళు పిసికే ఉద్యోగం అంటున్నారు సంబంధాలవాళ్ళు" అని దిగులు పడుతోంది. నేను ఊరుకుంటానా? "మీ అమ్మాయి కాళ్ళు పిసకలేదు వదినా, మా అత్తయ్యగారి కాళ్ళ మీద ఆవిణ్ణి నిలబెట్టింది" అని చెప్పాను.

మీ ఇంట్లో బైపీసీ చదివే పిల్లలుంటే, డాక్టరు సీటు రాలేదని లోకం తలకిందులైనట్టు ఏడవకండి. ఇదీ వైద్యమే. నేను ఇంటర్ దగ్గరే ఆగిపోయినదాన్ని, అయినా ఈమాత్రం నాకర్థమైంది.

ఇవాళ మీ ఇంట్లో పెద్దవాళ్ళు గ్లాసు అందుకోబోతే, ఒక్క నిమిషం చేతులు కట్టుకుని చూడండి. నీళ్ళు ఒలికితే తుడుచుకోవచ్చు. ఏమంటారు?