ధర్మాసుపత్రిలో ధర్మం ఎవరిది?

“తెల్లవాడు దోచుకుంటే దోచుకున్నాడు, ధర్మాసుపత్రులు పెట్టాడు గదా!” అనే పెద్దమనుషులు మనలో యింకా వున్నారు. ఆ ధర్మం ఎవరి సొమ్ముతో జరిగిందో మాత్రం వారు అడగరు.

టెక్కలి, పలాస, ఉద్దానం ఆనాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోవి. 1871 స్థానిక నిధుల చట్టం, తర్వాత 1884 స్థానిక బోర్డుల చట్టం భూమిపై సెస్సు వేశాయి. ఆ సొమ్ముతో చేయదగిన పనుల్లో రోడ్లు, బడులతోపాటు ఆసుపత్రులు, టీకాలు కూడా చేరాయి. అంటే ఆసుపత్రి మందుకు మూల్యం చెల్లించింది దొర కాదు, దుక్కి దున్నినవాడు. అయినా “నా బిడ్డకు వైద్యమేదీ?” అని బోర్డుపై కోర్టుకెక్కే హక్కు వాడికి రాలేదు. సెస్సు కట్టడం విధి. వైద్యం దొరకడం ప్రాప్తం!

మరి దొరల స్వదేశంలో? 1834 బీదల చట్టం కింద అక్కడ వైద్యుడు వుండేవాడు. కాని ఆ మందు పుచ్చుకున్న కూలివాడికి పార్లమెంటు ఓటు వుండేది కాదు. ఒక్క వైద్యసహాయం మేరకు ఆ శిక్షను 1885లో రద్దు చేశారు. పాలకుల గుండె కరిగిందా? కాదు. 1884లో పల్లెకూలీలు లక్షల సంఖ్యలో ఓటర్లయ్యారు! ఆ ఏడే అక్కడి కూలికి ఓటు, యిక్కడి రైతుకు సెస్సు.

ఇదంతా గతమంటారా? ప్రజారోగ్యం ప్రభుత్వ ప్రాథమిక కర్తవ్యమని మన రాజ్యాంగం 47వ అధికరణ చెబుతోంది. దానికోసం కోర్టుకెక్కే వీలు లేదని 37వ అధికరణ చెబుతోంది. అత్యవసర వైద్యం నిరాకరిస్తే జీవించే హక్కును హరించినట్లేనని 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మంచిదే. కాని కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరుల మూత్రపిండాల జబ్బు ఒక్కరాత్రి ఆపద కాదు. డయాలసిస్ బతికున్నన్నాళ్లూ కావాలి.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. ఏళ్ల తరబడి గొంతెత్తిన ఉద్దానం ప్రజల విజయమిది. దీన్ని తక్కువ చేయడం తగదు. అయితే భవనం వేరు, హక్కు వేరు. జీడిపిక్కలు కొట్టి బతికే తల్లి, వైద్యం అందనినాడు ఎవరిని నిలదీయాలి? అదే 2023లో రాజస్థాన్ ఆరోగ్య హక్కు చట్టం చేసింది. మనకెందుకు వద్దు?

ధర్మమంటే బిచ్చమని పాలకులు నేర్పారు. ధర్మమంటే న్యాయమని వారికి నేర్పవలసింది మనమే.